ప్రధానమంత్రి వాకిట్లో కాలిబాట

హారో, లండన్
మే నెల

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. పొలాలకి బళ్ళు పోయే మన డొంకని పక్క చేనివాళ్ళు ఈ ఏడు ఇంకో గజం కలిపేసుకున్నారని మీరు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. మొన్న శనివారం మీ కోడలూ నేనూ ఒక నడకకి వెళ్ళాం. దారి పొడుగునా మీరే గుర్తొచ్చారు, అందుకే ఈ ఉత్తరం.

మా స్టేషన్లో రైలెక్కితే ముప్పావు గంటలోపే వెండోవర్ వస్తుంది. చిల్టర్న్ గుట్టల కింద చిన్న ఊరు. అక్కడ మొదలుపెట్టి గుట్టలు, అడవులు, రెండు మూడు పల్లెలు చుట్టి సాయంత్రానికి మళ్ళీ అదే స్టేషన్‌కి చేరాం. మొదట కూమ్ హిల్ ఎక్కాలి. 260 మీటర్లే, కొండవీడు ఎక్కినవాళ్ళకి అదో లెక్క కాదు. పైన దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో పోయిన ఈ జిల్లా సైనికుల పేరిట 1904లో నిలబెట్టిన స్తంభం ఉంది. అక్కడి నుంచి చూస్తే కింద గోధుమ, బార్లీ చేలు, మధ్యమధ్యలో పూతకొచ్చిన రేప్‌సీడ్. అది మన ఆవాల జాతి నూనెగింజ. నేల చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. పైన కాస్త మట్టి, దాని కింద అంతా తెల్లటి సుద్ద. దున్నిన చోటల్లా చెకుముకి రాళ్ళు తేలి ఉంటాయి. నల్లరేగడి చేసిన చేతులకి ఈ నేల ఎలా పండుతుందో అర్థం కాదు, కానీ పండుతోంది.

ఇక అసలు విషయం. మేం నడిచిన బాటలో చాలా భాగం రైతుల సొంత పొలాల్లోంచే. ఎవరూ అడ్డగించరు, అడ్డగించకూడదు కూడా. 1949లో చేసిన చట్టం ప్రకారం ప్రతి కౌంటీ కౌన్సిల్ తన పరిధిలోని కాలిబాటలన్నిటినీ పటంలో గుర్తించాలి. పటంలో గీత ఉందంటే అక్కడ ఎవరైనా నడవచ్చు. పొలం అమ్ముడుపోయినా బాట పోదు. చేనుకి అడ్డంగా పోయే బాటని రైతు దున్నుకోవచ్చు, కానీ పద్నాలుగు రోజుల్లోగా మీటరు వెడల్పున మళ్ళీ నడిచేలా చెయ్యాలి. చేను అంచున పోయే బాటనైతే అసలు దున్నకూడదు. మేం దాటిన ఒక గోధుమ చేలో మధ్యన సన్నగా దారి వదిలి మిగతాదంతా పైరే.

ఆవుల మంద ఉన్న పొలం వచ్చేసరికి మీ కోడలికి టెన్షన్ పట్టుకుంది. దానికీ రూలుందట: పాల జాతి ఆంబోతు పది నెలలు దాటితే బాట ఉన్న పొలంలో వదలకూడదు. మాంసం జాతివైతే ఆవులతో కలిపి వదలొచ్చు. ఆ జాతుల తేడా తనకి తెలియదు కాబట్టి ధైర్యమేమీ రాలేదు, కంచె పట్టుకునే నడిచింది.

గుట్ట దిగితే చెకర్స్. 1921 నుంచి బ్రిటన్ ప్రధానమంత్రుల విడిది ఇల్లు అదే. గేటు నుంచి ఇంటికి పోయే రోడ్డుకి అడ్డంగా మన కాలిబాట పోతుంది, నాన్నా! కెమెరాలున్నాయి, బాట వదిలి పక్కకి పోతే క్రిమినల్ కేసు అని బోర్డు ఉంది. బాట మీద మాత్రం ఎవడైనా బురద బూట్లతో పోవచ్చు.

అక్కడి నుంచి బీచ్ అనే జాతి చెట్ల అడవిలో లిటిల్ హాంప్‌డెన్‌కి ఎక్కాం. మేలో ఆ ఆకులు ఇంకా లేతగానే ఉంటాయి. ఈ పక్కనే గ్రేట్ హాంప్‌డెన్‌లో జాన్ హాంప్‌డెన్ అని భూస్వామి ఉండేవాడు. రాజు ఓడల పేరుతో వేసిన పన్నులో తన వంతు ఇరవై షిల్లింగులు కట్టనన్నాడు. కట్టలేక కాదు, పార్లమెంటు ఒప్పుకోని పన్ను చెల్లదని. 1638లో పన్నెండు మంది జడ్జీల్లో ఏడుగురు రాజు పక్షమే తీర్పిచ్చారు. అయినా పేరు మిగిలింది ఇతనికే. పర్వతనేని వీరయ్య చౌదరి గారితో కలిసి పెదనందిపాడు వాళ్ళు బ్రిటిష్ ప్రభుత్వానికి శిస్తు ఆపిన కథ తాతయ్య నోట విన్న నాకు ఇతను పరాయివాడిలా అనిపించలేదు.

ఇక్కడ అంతా బాగుందని కాదు. బాట దాటి రెండడుగులు వేస్తే అది పరాయి నేలే. మన ఊళ్ళో గట్టు మీద నడిచేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు, చట్టం అక్కర్లేదు. డొంక దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరూ కాస్త కాస్త కలిపేసుకుంటారు.

పక్క చేనివాళ్ళతో ఇక మాటలొద్దు. ముందు ఊరి పటం నకలు తీసుకోండి. డొంక పోరంబోకు ఎంత వెడల్పో ఎఫ్ఎంబీలో, అంటే సర్వేవాళ్ళ పొలం కొలతల పుస్తకంలో ఉంటుంది. అది జతచేసి సర్వే కోసం అర్జీ పెట్టండి, రసీదు మాత్రం మరవకండి. ఆ డొంక మీద బళ్ళు తోలేవాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించండి, మీ ఒక్కరి తగాదాగా కనిపించకూడదు. ఖర్చులకి ఈ వారం పంపుతున్నాను.

అమ్మ అడిగేది ముందే చెప్తున్నా: పులిహోర కట్టుకెళ్ళాం, దారిలో డన్స్‌మోర్ అనే పల్లెలో చెరువు పక్కన తిన్నాం. వచ్చే వేసవికి మీరిద్దరూ రండి. కూమ్ హిల్ ఎక్కించను లెండి, మీ మోకాలికి డన్స్‌మోర్ వైపు చాలు. చెప్పులతో మాత్రం కుదరదు, బూట్లు నేను కొంటాను.

మీ
పెద్దబ్బాయి