నరసాపురం నుంచి ఆర్థిక మంత్రి గారికి: 15వ సెక్షన్‌ని నిద్ర లేపండి

కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి నమస్కారాలు.

నరసాపురం మీ అత్తవారి ఊరు. రాజ్యసభ సభ్యురాలిగా పక్కనే ఉన్న పెదమైనవానిలంకను దత్తత తీసుకున్నారు. మా లేసు అల్లికల గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? నేరుగా పనిలోకి వస్తాను.

2017 ఐజీఎస్టీ చట్టంలో, అంటే రాష్ట్రం దాటే అమ్మకాల మీద జీఎస్టీ చట్టంలో, 15వ సెక్షన్ ఒకటుంది. మామూలుగా ఇక్కడ నివాసం ఉండని మనిషి ఆరు నెలలకు మించకుండా ఉండేందుకు వచ్చి, కొన్న సరుకును తనతో దేశం దాటిస్తే, కట్టిన పన్ను వాపసు ఇవ్వాలన్నది దాని సారం. అలాంటి అమ్మకాన్ని రాష్ట్రంలోపలి అమ్మకంగా చూడొద్దని 8వ సెక్షన్ కూడా చెబుతోంది. కానీ 2017 జూలై 1 నుంచి మిగతా సెక్షన్లను అమల్లోకి తెచ్చిన నోటిఫికేషన్‌లో 15 లేదు. ఇప్పటికీ రాలేదు. కాలువ తవ్వి లాకులు ఎత్తకపోతే శివారు పొలం తడుస్తుందా అమ్మా?

దుబాయ్‌లో కొడుకును చూడటానికి వెళ్లిన మా కోనసీమ తల్లిదండ్రులు 250 దిర్హమ్‌లు దాటిన బిల్లు మీద 5 శాతం వ్యాట్‌లో చాలా భాగం ఎయిర్‌పోర్టులో వెనక్కి తెచ్చుకుంటున్నారు. సింగపూర్‌లో 100 డాలర్లు దాటితే చాలు. బ్రిటన్ మాత్రం 2021 జనవరి 1న ఈ సౌకర్యం ఎత్తేసింది. తిరిగి ఇవ్వమని అక్కడి వ్యాపారులు మొత్తుకుంటూనే ఉన్నారు.

మా దగ్గరికొచ్చే విదేశీయులంటే తెల్లవాళ్లు తక్కువ, డాలస్ నుంచీ మస్కట్ నుంచీ వచ్చే మా పిల్లలే ఎక్కువ. సెక్షన్‌లో జాతీయత మాటే లేదు కాబట్టి, ప్రవాసులకూ వర్తిస్తుందని నిబంధనల్లో తేల్చి రాయించండి. రూ.20,000 ఉప్పాడ జాందానీ మీద 5 శాతమంటే వెయ్యి రూపాయలు. దానికోసమే ఎవరూ విమానం ఎక్కరు, నిజమే. ఆ వెయ్యి కోసం పక్కా బిల్లు మాత్రం అడుగుతారు. చిట్టీ రాసిచ్చే అలవాటు మా బజార్లో ఎంతుందో అమ్మేవాణ్ణి, నాకు తెలుసు.

అసలు చిక్కు వేరే ఉంది. ఇంట్లో కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లకు జీఎస్టీ నంబరు ఉండదు. ఏడాదికి రూ.40 లక్షలు దాటని సరుకు వ్యాపారికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కదా. వాళ్ల చేతిమీద కొంటే బిల్లులో పన్నే లేదు, వాపసేముంటుంది? ఇలాగే వదిలేస్తే లాభమంతా హైదరాబాద్ పెద్ద షోరూములదే. అందుకే చేనేత సంఘాలు, ఆప్కో, మా లేసు పార్కు లాంటి చోట్లను మొదటి జాబితాలో చేర్చండి. బంగారాన్ని మాత్రం దూరంగా పెట్టండి. అది చొరబడితే దొంగ బిల్లుల భయంతో మొత్తం పథకాన్నే మూసేస్తారు.

ఇంకోటి. మధురపూడిలో, అదే మా రాజమండ్రి విమానాశ్రయంలో, హైదరాబాద్ విమానం ఎక్కేవాళ్లు పెట్టె అక్కడే అప్పగించేస్తే, చీర ఎవరికి చూపించాలి? దేశం దాటే విమానాశ్రయంలోనే తనిఖీ అంటే మా వాళ్లకు దక్కదు. మధురపూడిలోనూ ఒక కౌంటర్ పెట్టించండి. బిల్లు మీద పాస్‌పోర్టు నంబరు వేయమంటే మాకేం అభ్యంతరం లేదు.

నోటిఫికేషన్ సంక్రాంతి లోపు వస్తే మరీ మంచిది. మా ఇళ్లకు విదేశాల వాళ్లు దిగేది అప్పుడే.

ఇట్లు,
నరసాపురం బట్టల వ్యాపారి