ఆరోగ్యశ్రీ పేషెంటు దగ్గర వసూలు చేసిన 71,200 రూపాయలు వాపసు ఇవ్వండి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఆరోగ్యశ్రీ అప్రూవల్ వచ్చిన చికిత్సకు మీ ఆస్పత్రి నగదు వసూలు చేయడం గురించి.

అయ్యా,

మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. మాకు ఆహార భద్రత కార్డు ఉంది. ఆయనకు గుండెపోటు వచ్చినప్పుడు మీ గేటు దగ్గర ఆరోగ్యశ్రీ బోర్డు ఉందని తెలిసే మీ ఆస్పత్రికి తీసుకొచ్చాం. యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేశారు, ప్రాణం నిలబడింది. చికిత్స చేసిన డాక్టరు గారి మీద గానీ, రాత్రంతా కనిపెట్టుకుని ఉన్న నర్సుల మీద గానీ నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా మీ బిల్లింగ్ కౌంటర్ మీదే.

అప్రూవల్ వచ్చేదాకా అడ్వాన్స్ అంటూ 40,000 కట్టించుకున్నారు. స్కీమ్‌లో ఇచ్చే స్టెంట్ మామూలుదని, మంచిది వేయాలంటే తేడా కట్టాలని ఇంకో 25,000 తీసుకున్నారు. కొన్ని పరీక్షలు స్కీమ్‌లోకి రావని 6,200. అప్రూవల్ మర్నాడే వచ్చింది, అడ్వాన్స్ మాత్రం తిరిగి రాలేదు. అడిగితే "ఫైనల్ బిల్లులో అడ్జస్ట్ అయిపోయిందమ్మా" అన్నారు. ఆ ఫైనల్ బిల్లు చూపించమంటే ఎవరూ చూపించలేదు. మా చేతిలో ఉన్నది అడ్వాన్స్‌కి ఇచ్చిన ఒక్క రసీదే. మిగతా రెండిటికీ తెల్ల కాగితం మీద పెన్నుతో రాసిన అంకెలు, కింద ఓ పొడి సంతకం. కంప్యూటర్ బిల్లు అడిగితే సిస్టమ్ డౌన్‌లో ఉందన్నారు. అదే సమయంలో పక్క కౌంటర్‌లో ప్రింటర్ బాగానే పనిచేస్తోంది.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది మీరు నాతో పెట్టించుకున్న రెండు సంతకాలు. మొదటిది అర్ధరాత్రి దాటాక, నాన్నను క్యాథ్ ల్యాబ్‌లోకి తీసుకెళ్లబోతుంటే. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలితో చూపించారు, చదవనివ్వలేదు. తర్వాత ఫోన్‌లో ఫొటో తీసుకుని చూస్తే, మా ఇష్టప్రకారమే, ఎవరి ఒత్తిడీ లేకుండా అదనపు సౌకర్యాలకు డబ్బు కడుతున్నామని అందులో ఉంది. రెండోది డిశ్చార్జ్ రోజున. చికిత్స పూర్తిగా ఉచితంగా జరిగింది, ఆస్పత్రి మా దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు అని రాసి ఉన్న తృప్తి పత్రం. అది సంతకం చేస్తే గానీ డిశ్చార్జ్ సమ్మరీ చేతికివ్వమన్నారు. పైగా నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో కూడా తీశారు. డబ్బు కట్టామని ఒకటి, కట్టలేదని ఒకటి. రెండూ మీ ఫైల్లోనే, రెండిటి మీదా నా సంతకమే. ఏది నిజమో మీరే చెప్పండి.

స్టెంట్ సంగతి కూడా అడగాలి. స్టెంట్ల ధరలకు, మందుల ధరలను నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ 2017 ఫిబ్రవరిలోనే కళ్లెం వేసింది. మందు పూత ఉన్న స్టెంట్‌కు అప్పట్లో పెట్టిన గరిష్ఠ ధర 29,600 రూపాయలు. తర్వాత దాన్ని సవరిస్తూ వచ్చారు. స్టెంట్ ధర, బ్రాండు, తయారీ కంపెనీ, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా రాయాలని కూడా ఆస్పత్రులకు చెప్పారు. మరి మేం కట్టిన 25,000 "తేడా" ఏ ధరకీ ఏ ధరకీ మధ్య తేడా? నాన్న గుండెలో ఉన్నది ఏ కంపెనీ స్టెంటో మాకు ఇప్పటికీ తెలియదు. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ స్టిక్కర్ అంటించలేదు.

మీ మేనేజర్ గారు చెప్పిన సమాధానం ఒకటుంది: ప్రభుత్వం నుంచి బిల్లులు టైముకి రావు, బకాయిలు పేరుకుపోయాయి, ఆస్పత్రి ఎలా నడవాలి అని. బకాయిల సమస్య ఉందని మాకూ తెలుసు, పేపర్లలో చూస్తూనే ఉన్నాం. దానికోసం ప్రభుత్వంతో కొట్లాడండి, మేమూ మీ వైపే మాట్లాడతాం. కానీ ఆ బాకీ మూటలు మోసుకునే మనిషి దగ్గర వసూలు చేసేది కాదు కదా. పథకం గిట్టుబాటు కాదనుకుంటే నెట్‌వర్క్ నుంచి తప్పుకుని గేటు దగ్గర బోర్డు పీకేయండి. ఇంకో ఆస్పత్రికి వెళ్తాం. 2007 నుంచి నడుస్తున్న పథకం ఇది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలకు పెరిగింది కూడా. పరీక్షలు, మందులు, భోజనం, డిశ్చార్జ్ అయ్యాక వాడాల్సిన మందులు ప్యాకేజీలోనే ఉంటాయని మీ కౌంటర్ వాళ్లకు తెలియదంటే నేను నమ్మను.

ఆ రాత్రి 40,000 కోసం అమ్మ చెవుల కమ్మలు తాకట్టుకు వెళ్లాయి. మిగతాది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. బరువులెత్తొద్దని డాక్టరు గారు చెప్పారు కాబట్టి నాన్న ఇక యార్డుకు వెళ్లలేరు. వడ్డీ మాత్రం నెల నెలా కట్టాల్సిందే.

అందుకని అడుగుతున్నాను. 71,200 రూపాయలు ఈ లేఖ అందిన 15 రోజుల్లో నాన్న బ్యాంకు ఖాతాలో వేయండి. నగదుగా వద్దు, మళ్లీ ఇంకో కాగితం మీద సంతకం అడుగుతారు. స్టెంట్ వివరాలు, నేను సంతకం చేసిన రెండు పత్రాల నకళ్లు, ఈ కేసులో మీరు ఆరోగ్యశ్రీ ట్రస్టుకు పెట్టిన క్లెయిమ్ కాపీ పంపండి. డబ్బు ఇచ్చి కాగితాలు ఇవ్వకపోయినా, కాగితాలు ఇచ్చి డబ్బు ఇవ్వకపోయినా ఒప్పుకోను.

గడువు దాటితే ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కు, ట్రస్టుకు ఫిర్యాదు చేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఉచితంగా వైద్యం చేయించుకున్నవాళ్లు వినియోగదారులు కారని మీ లాయర్లు అనొచ్చు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆస్పత్రులు కూడా వినియోగదారుల రక్షణ చట్టం కిందికే వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. పైగా మేం డబ్బు కట్టాం. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు.

ఇట్లు,
పేషెంటు కుమార్తె

జత: డిశ్చార్జ్ సమ్మరీ నకలు (ఐపీ నంబరు, ఫోన్ నంబరు అందులో ఉన్నాయి), అడ్వాన్స్ రసీదు, చేతిరాత కాగితాల ఫొటోలు, మొదటి పత్రం ఫొటో, నాన్న బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ.