ఫైలు ఎక్కడ పెట్టాలో కంప్యూటర్‌నే అడగండయ్యా

సంపాదకుల గారికి నమస్కారం.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయిందని మీ పత్రికతో సహా అందరూ రాశారు. కొత్త కంప్యూటర్ కొనాలా, ఉన్నదాంట్లో విండోస్ 11 ఎక్కుతుందా, లేకపోతే విండోస్ బదులు లైనక్స్ వేసుకోవాలా అని. అవన్నీ బాగానే ఉన్నాయి గానీ, పాతదాన్నుంచి కొత్తదానికి మారేటప్పుడు అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. నేను నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గర కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్నా. తీరిక ఉన్నప్పుడు చిన్న చిన్న బిల్లింగ్ ప్రోగ్రాములు కూడా రాస్తుంటా, కాబట్టి ఫైలు ఎక్కడ పెట్టాలో కంప్యూటర్‌ని అడగకుండా ప్రోగ్రాము రాసే ఈ తప్పులో నా వాటా కూడా ఉంది, అది తర్వాత చెప్తా.

మిర్యాలగూడ వైపు నుంచి ఒక రైసుమిల్లు ఆయన పాత కంప్యూటర్ పట్టుకొచ్చాడు. "తమ్మీ, ఏం పోయినా మంచిదే గానీ లెక్కల సాఫ్ట్‌వేర్ పోవద్దు, వానాకాలం, యాసంగి, లారీ చిట్టీలు, హమాలీ లెక్కలు అన్నీ అండ్లనే ఉన్నయ్" అన్నాడు. డేటా ఎక్కడ ఉంటుందన్నా అంటే, సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోల్డర్లోనే అని ఎప్పుడో ఆ సాఫ్ట్‌వేర్ రాసిన కుర్రాడు చెప్పాడట. నేను కూడా నమ్మి, సాఫ్ట్‌వేర్లు ఎక్కే ప్రోగ్రామ్ ఫైల్స్ అనే చోట ఉన్న ఆ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, హార్డ్ డిస్క్ బదులు కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి, అంతా పెట్టి తెరిచా. లెక్కలు లేవు. పూర్తిగా ఖాళీ కూడా కాదు, సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజు నమూనాకని ఎక్కించిన రెండు మూడు ఎంట్రీలు మాత్రం ఉన్నాయి, ఏళ్ల తరబడి కొట్టిన బస్తాల లెక్క ఒక్కటీ లేదు. ఆయన మొహం చూడలేకపోయా.

రెండు రోజులు టెన్షన్. పాత హార్డ్ డిస్క్‌ని ఫార్మాట్ చేయకుండా పక్కన పెట్టడం ఒక్కటే నేను చేసిన మంచి పని. దాన్ని తగిలించి వెతికితే చివరికి దొరికింది, యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా, అందులో లోకల్, అందులో వర్చువల్‌స్టోర్, దాని లోపల మళ్లీ ప్రోగ్రామ్ ఫైల్స్ అని ఒక నకలు ఫోల్డర్, అందులో.

ఇది దొంగల పని కాదు, విండోస్ వాడి దయ. విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచి, అంటే 2007 నుంచి, మామూలు ప్రోగ్రాములు ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల రాయడానికి వీల్లేదు, అడ్మిన్ అనుమతి కావాలి. మరి అంతకు ముందున్న విండోస్ ఎక్స్‌పీ కాలంలో రాసిన పాత సాఫ్ట్‌వేర్లు రాత్రికి రాత్రి ఆగిపోతే జనం గోల పెడతారని ఒక ఉపాయం చేశారు: అలాంటి పాత ప్రోగ్రాము అక్కడ రాయబోతే సరే అన్నట్టు తలూపి, ఆ ఫైలుకి ఒక కాపీ తీసి వర్చువల్‌స్టోర్‌లో పెట్టి, రాతలన్నీ అందులోకి మళ్లిస్తుంది. మళ్లీ చదవబోయినా ఆ కాపీనే చూపిస్తుంది. ప్రోగ్రాము మాత్రం తాను చెప్పిన చోటే రాస్తున్నాననుకుంటుంది. యజమాని కూడా అలాగే అనుకుంటాడు. పైగా యాప్‌డేటా దాచి ఉండే ఫోల్డర్, మామూలుగా కంటికి కనపడదు.

ఆ కుర్రాడిది తప్పంటే తప్పే, కానీ వాడికి ఎవరూ నేర్పలేదు. ఫైలు ఎక్కడ పెట్టాలి అన్నది మన చదువుల్లో ఒక ప్రశ్నగా కూడా లెక్కలోకి రాదు.

మన ఇళ్లనే చూడండి. వడ్లు గుమ్మిలో పోస్తాం, అగ్గిపెట్టె, దువ్వెన గూట్లో పెడతాం, నీళ్లు కుండలో ఉంటాయి, కుండ పగిలినా మళ్లీ తోడుకొచ్చుకుంటాం. సాఫ్ట్‌వేర్‌కి కూడా ఈ మూడు రకాలే: పోతే ప్రాణం పోయే డేటా, మనిషి అలవాట్లకి తగ్గట్టు పెట్టుకున్న సెట్టింగ్స్, పోయినా మళ్లీ తయారయ్యే తాత్కాలిక ఫైళ్లు, వీటినే క్యాష్ అంటారు, డబ్బు కాదు. మూడూ ఒకే మూటలో కట్టి మూల పడేస్తే బ్యాకప్ తీసేవాడికి ఏది ముఖ్యమో ఎలా తెలుస్తుంది? లైనక్స్ వాళ్లు దీనికి ఎక్స్‌డీజీ అని ఒక ఒప్పందమే రాసుకున్నారు. సెట్టింగ్స్‌కి హోమ్ ఫోల్డర్లో డాట్ కాన్ఫిగ్ (పేరు ముందు చుక్క ఉంటుంది), డేటాకి డాట్ లోకల్ కింద షేర్, క్యాష్‌కి డాట్ క్యాష్. అది కూడా గుడ్డిగా కాదు, ముందు ఫలానా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే సిస్టమ్‌లో పేరు పెట్టి ఉంచిన విలువ, ఉందేమో చూడు, ఉంటే అది చెప్పిన చోట పెట్టు, లేకపోతేనే వీటిని వాడు అని. మ్యాక్‌లో ఇవే లైబ్రరీ అనే ఫోల్డర్ కింద అప్లికేషన్ సపోర్ట్, ప్రిఫరెన్సెస్, క్యాషెస్ అని ఉంటాయి. విండోస్‌లో యాప్‌డేటా కింద ముఖ్యంగా రోమింగ్, లోకల్ అని రెండు. ఆఫీసు నెట్‌వర్క్ అలా ఏర్పాటు చేసి ఉంటే రోమింగ్‌లోది మనిషి వెంట ఇంకో కంప్యూటర్‌కి కూడా వెళ్తుంది, అందుకే క్యాష్ లాంటి బరువు దాంట్లో వేయకూడదు.

ఈ పేర్లన్నీ బట్టీ పట్టమని నేను చెప్పడం లేదు. బట్టీ పట్టి ప్రోగ్రాములో రాయడమే అసలు రోగం. ఎక్స్‌పీలో యూజర్ ఫోల్డర్లు డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అనే చోట ఉండేవి, విస్టాలో యూజర్స్ అయ్యింది, ఆ పేరు నేరుగా రాసుకున్నవాళ్లలో కొందరు ఆ రోజు దెబ్బతిన్నారు. రేపు ఇంకోటి మారుతుంది. అడిగితే చెప్పడానికి విండోస్‌లో నోన్ ఫోల్డర్స్ అని ఫంక్షన్ ఉంది, ప్రోగ్రాములు రాయడానికి వాడే క్యూటీలో స్టాండర్డ్ పాత్స్ ఉంది, పైథాన్ భాషలో ప్లాట్‌ఫామ్‌డిర్స్ అని ముందే రాసిపెట్టిన చిన్న కోడ్ ఉంది. డేటా ఎక్కడ పెట్టను అని ఒక్క లైను రాస్తే, నడుస్తున్నది విండోస్ అయినా, మ్యాక్ అయినా, లైనక్స్ అయినా దానికి తగ్గ చోటు అదే చెప్తుంది. తమాషా ఏంటంటే విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే రిజిస్ట్రీలో షెల్ ఫోల్డర్స్ అనే చోట ఈ దారులన్నీ రాసి ఉంటాయి, తెలివైనవాళ్లు ఫంక్షన్ ఎందుకని అక్కడ్నించి నేరుగా చదువుకుంటారు, కానీ అక్కడే పైన ఈ కీ వాడొద్దు, ఫలానా ఫంక్షన్‌ని అడుగు అని కూడా రాసి ఉంటుంది. గోడ మీద రాసి పెట్టినా చదవరు మనవాళ్లు.

ఇప్పుడు నా సంగతి. ఒక కిరాణా షాపుకి నేను రాసిన బిల్లింగ్ ప్రోగ్రాము రోజువారీ ఫైలుని డెస్క్‌టాప్ మీద పెట్టేది. డెస్క్‌టాప్ అంటే యూజర్ ఫోల్డర్ దారి చివర డెస్క్‌టాప్ అని తగిలిస్తే సరిపోతుంది కదా అనుకున్నా. వాళ్లబ్బాయి ఒకరోజు మైక్రోసాఫ్ట్ వాడి ఆన్‌లైన్ స్టోరేజీ వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఆన్ చేశాడు. అప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారతాయి, అది విండోస్ తప్పు కాదు, డెస్క్‌టాప్ ఎక్కడుంది అని అడిగితే కొత్త చోటే చెప్పేది. నేను అడగలేదు. నా ప్రోగ్రాము పాత చోట కొత్తగా ఒక డెస్క్‌టాప్ ఫోల్డర్ తయారు చేసుకుని అందులో రాసుకుంటూ పోయింది. స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాలేదు. "అన్నా, నీ ప్రోగ్రాము బిల్లులు మింగుతున్నది" అని ఆ అబ్బాయి ఫోన్. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తెలుగులో కంప్యూటర్ వాడుకునేవాళ్లకి ఇంకో తంటా. లైనక్స్‌లో భాష తెలుగు పెడితే డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ లాంటి ఫోల్డర్ల పేర్లే నిజంగా మారిపోవచ్చు, మళ్లీ లాగిన్ అయినప్పుడు పేర్లు మార్చమంటారా అని అడుగుతుంది, అవునంటే మారుస్తుంది. ఏ పేరుకి ఏ ఫోల్డరో డాట్ కాన్ఫిగ్‌లో యూజర్ డిర్స్ అనే ఫైల్లో రాసుకుంటుంది. అది చూడకుండా ఇంగ్లిష్‌లో డాక్యుమెంట్స్ అని రాసుకున్న ప్రోగ్రాము అక్కడ బోర్లా పడుతుంది. విండోస్‌లో అకౌంట్ పేరు తెలుగు అక్షరాల్లో పెట్టుకున్నా, ఇంటిపేరుకీ పేరుకీ మధ్య ఖాళీ వదిలినా కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ దారి చదవలేక ఆగిపోతాయి. మన భాషలో మన పేరు పెట్టుకుంటే పనిచేయని సాఫ్ట్‌వేర్‌ని మనవాళ్లే రాసి మనకే అమ్మడం చూస్తే ఒళ్లు మండుతుంది.

పెళ్లి కార్డులు కొట్టే డీటీపీ వాళ్లు కూడా ఇదే గొడవతో వస్తారు, తెలుగు ఫాంట్ ఎక్కించాం, సాఫ్ట్‌వేర్‌లో కనపడట్లేదని. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, మామూలుగా ఇన్‌స్టాల్ కొడితే ఫాంట్ ఆ ఒక్క యూజర్ యాప్‌డేటాలోకి పోతుంది, పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని విండోస్ ఫోల్డర్లో ఉన్న ఫాంట్స్ మాత్రమే చూస్తాయి. ఫాంట్ మీద కుడి క్లిక్ చేసి అందరు యూజర్లకీ ఇన్‌స్టాల్ అనేదాన్ని నొక్కండి, సరిపోతుంది. దీనికి కూడా డబ్బులు తీసుకునే వాళ్లున్నారు.

ఫోన్లలో ఈ గోల చాలా తక్కువ. ఎందుకంటే అక్కడ అడగక తప్పదు. ఐఫోన్‌లో యాప్ అప్‌డేట్ అయినప్పుడు దాని ఫోల్డర్ దారే మారిపోవచ్చు, పూర్తి దారి రాసి దాచుకున్న యాప్‌కి తన ఫైలే దొరకదు. ఆండ్రాయిడ్ 10, 11 నుంచి యాప్‌లు ఎక్కడపడితే అక్కడ రాయడం కట్టయింది. మొదట్లో అందరూ తిట్టుకున్నారు, నేనూ తిట్టుకున్నా. కంప్యూటర్ల మీద అంత బలవంతం లేదు కాబట్టి ఎవడిష్టం వాడిది.

పోయిన ఏడాది మా మేనల్లుడు బీటెక్ ప్రాజెక్టు వైవాకి వెళ్లాడు. ఇంట్లో బ్రహ్మాండంగా నడిచిన ప్రోగ్రాము ల్యాబ్‌లో తెరుచుకోలేదు. చూస్తే సీ కోలన్, యూజర్స్, వాడి పేరు, డెస్క్‌టాప్, ప్రాజెక్ట్ ఫైనల్ న్యూ అని మొత్తం దారి కోడ్‌లోనే ఉంది, అదీ పద్నాలుగు చోట్ల. ల్యాబ్‌లో ఉన్నది లైనక్స్, అక్కడ సీ డ్రైవే లేదు, ఫోల్డర్ పేర్ల మధ్య వేసే స్లాష్ గీత కూడా అటు వంగింది ఇటు వంగుతుంది, పేర్లలో ఇంగ్లిష్ పెద్ద అక్షరం చిన్న అక్షరం వేరువేరుగా లెక్క. సార్లు నాలుగేళ్లలో ఎప్పుడన్నా చెప్పారారా అంటే, "లేదు మామయ్యా, ఫ్రెండ్స్ అందరిదీ గట్లనే ఉంటది" అన్నాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో పాఠం చెప్పే సార్లు ఎవరన్నా ఇది చదువుతుంటే, మొదటి ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఒక్క పీరియడ్ దీనికి ఇవ్వండి. పిల్లలు రాసినదాన్ని పక్క పిల్లవాడి కంప్యూటర్‌లో నడిపించి చూపించమనండి, మార్కులు దానికే వేయండి.

మిల్లులకీ, ఆసుపత్రులకీ, సొసైటీలకీ సాఫ్ట్‌వేర్ చేయించుకునేవాళ్లు డబ్బులు ఇచ్చేముందు ఒక్కటి అడగండి: డేటా ఏ ఫోల్డర్లో ఉందో సాఫ్ట్‌వేర్‌లోనే ఒక బటన్ నొక్కితే తెరుచుకోవాలి. అది రాయడానికి అరగంట కూడా పట్టదు. పట్టదని నేను పూచీ, మిల్లు సంగతి అయ్యాక నా ప్రోగ్రాములన్నిటికీ పెట్టా.

విండోస్ 10 నుంచి మారుతున్నవాళ్లకి ఒక మాట. లెక్కల సాఫ్ట్‌వేర్ పాతదైతే, ఫార్మాట్ కొట్టేముందు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ అనే చోట దాచిన ఫైళ్లు చూపించమని టిక్ పెట్టి, మీ యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ తెరిచి చూడండి. అందులో మీ సాఫ్ట్‌వేర్ పేరు కనపడితే దాన్ని కూడా కాపీ చేసుకోండి. కంప్యూటర్‌లో ఇద్దరు ముగ్గురు యూజర్లు ఉంటే ఒక్కొక్కరిదీ విడిగా చూడాలి, వర్చువల్‌స్టోర్ ఎవరిది వారికే ఉంటుంది. అర్థం కాకపోతే హార్డ్ డిస్క్ తీసుకుని షాపుకి రండి, ఇది చూసి పెట్టడానికి పైసలు తీసుకోను.

ఇట్లు,
కంప్యూటర్ రిపేరు షాపు నడిపే ఒక పాఠకుడు,
క్లాక్ టవర్ సెంటర్, నల్లగొండ