పక్క పాత్రని కోయకండి, హీరోకి పని చెప్పండి

సంపాదకులకు,

నవల రాసేవాళ్లకు సలహాలిస్తూ మీ సాహిత్య పేజీలో ఈ మధ్య ఒక వ్యాసం వచ్చింది. పక్క పాత్ర హీరోని మించిపోతుంటే దాని సీన్లు కోసెయ్యమని అందులో రాశారు. మేము పోటీలకూ అచ్చుకూ వచ్చే నవలల రాతప్రతులు చదివి దిద్దే పనిలో ఉన్నాం. ఆ సలహా పాటిస్తే పుస్తకంలో ఊపిరి ఉన్న ఒక్క మనిషీ బయటికి పోతాడు, ఊపిరి లేని హీరో ఒంటరిగా మిగులుతాడు. అందుకే ఈ ఉత్తరం.

రచయితకి హీరో కంటే హీరో దోస్తు మీదో, ఇంటి ఓనరమ్మ మీదో, మెస్ నడిపే అక్క మీదో ప్రేమ ఎక్కువైతే అది దాచినా దాగదు. కనిపెట్టడానికి నవలంతా చదవక్కర్లేదు. హీరో ఉన్న పది పేజీలు తీసి అతని క్రియలన్నిటి కిందా పెన్సిల్‌తో గీత గీయండి. చూశాడు, విన్నాడు, అనుకున్నాడు, గుర్తు చేసుకున్నాడు, నిట్టూర్చాడు, మౌనంగా ఉండిపోయాడు. ఇప్పుడు ఆ రెండో మనిషి ఉన్న పది పేజీలు తీయండి. అడిగింది, లాక్కుంది, అబద్ధమాడింది, అప్పిచ్చింది, మర్నాడే వెనక్కి అడిగింది, తలుపేసుకుంది. మొదటి వరసలో ఉన్న పనులన్నీ కుర్చీలోంచి లేవకుండా చేయొచ్చు. రెండో వరసలో ప్రతి పనికీ ఎదుట ఇంకో మనిషి ఉండి తీరాలి. పాఠకుడి కళ్లు ఎటు తిరుగుతాయో వేరే చెప్పాలా?

ఇది ఎందుకిలా అవుతుందంటే, రచయిత బరువంతా హీరో నెత్తిన పెడతాడు. కథ అతనే నడపాలి, నీతి అతనే నిలబెట్టాలి, రచయిత అభిప్రాయాలు అతనే చెప్పాలి, ప్రతి సీన్లో హాజరు పలకాలి. పైగా చాలా నవలల్లో హీరో అంటే చొక్కా మార్చుకున్న రచయితే. తన తప్పులు తాను రాసుకోవడానికి ఎవరికైనా చెయ్యి ఆడదు. అందుకని హీరోకి లోపాలుండవు, ఉన్నా ‘మరీ మంచివాడు’ లాంటి లోపాలే. మెస్ అక్క మీద ఈ బరువేదీ లేదు. పనుంటే వస్తుంది, పనయ్యాక పోతుంది. 40 సీన్ల నవలలో హీరో 36 సీన్లలో ఉంటే ఆమె ఏడింటిలో ఉంటుంది. ఆ ఏడింటిలోనూ ఏదో ఒకటి జరుగుతుంది. హీరో 36లో మాత్రం బస్సెక్కడం, దిగడం, ఫోనెత్తడం, చాయ్ తాగుతూ కిటికీలోంచి చూడటం ఒక పదిహేను దాకా ఉంటాయి. కత్తెర పెట్టాల్సింది అక్కడ.

చూపులోనూ తేడా ఉంది. హీరోని లోపలి నుంచి రాస్తాం కాబట్టి అతని మనసంతా తెలుస్తుంది, మొహం తెలియదు. 200 పేజీలు గడిచినా అతను అన్నం కలిపే తీరు, బేరమాడే తీరు పాఠకుడు చూసి ఉండడు. అక్కని బయటి నుంచి రాస్తాం కాబట్టి ఆమె గొంతు, చెయ్యి, నడక అన్నీ పేజీ మీద ఉంటాయి. మందు తేలికే. నవల మొత్తంలో కనీసం మూడు చోట్ల హీరోని వేరేవాళ్ల కళ్లతో చూపించండి. వాళ్లు అతన్ని తప్పుగా అర్థం చేసుకుంటే ఇంకా మంచిది.

హైదరాబాద్ నేపథ్యంగా వచ్చే నవలల్లో అన్నిటికన్నా పెద్ద కారణం భాష. హీరోది నల్గొండో కరీంనగరో అయి ఉంటుంది, గ్రూప్స్‌కి చదువుకోవడానికి అశోక్‌నగర్‌లో దిగి ఉంటాడు, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుంటాడు. అయినా మాట్లాడేది మీ సంపాదకీయం భాష (కోపం తెచ్చుకోవద్దు). మెస్ అక్కకీ ఆటో అన్నకీ చాయ్ హోటల్ చిచ్చాకీ మాత్రం రచయిత వాళ్ల యాస వాళ్లకిస్తాడు. యాస హాస్యానికీ పేదవాళ్లకీ, పత్రికల తెలుగు గంభీరమైనవాళ్లకీ అన్న పాత అలవాటు ఇంకా పోలేదు. దాని ఫలితం చూడ్డానికి ఒక సీను కట్టుకుందాం. హీరో పేరు రవి, మెస్ ఆమె సత్తెక్క, రవి రెండు నెలలు బాకీ.

రవి కిటికీలోంచి బయటికి చూస్తూ నిట్టూర్చాడు. “జీవితం ఎటు పోతోందో అర్థం కావడం లేదక్కా” అన్నాడు.

“జీవితం సంగతి నాకెర్క లేదు గని, రెండు నెలల పైసలు ఎటు వొయినయో చెప్పు” అంది సత్తెక్క.

ఈ రెండు వాక్యాల్లోనే ఆట అయిపోయింది. సత్తెక్కకి కావలసింది ఉంది, రవికి లేదు. వ్యాసకర్త సలహా ప్రకారం ఆమె మాట కొట్టేస్తే రవి నిట్టూర్పు ఒక్కటే మిగులుతుంది. అది చేయకుండా రవిని లేపి నిలబెట్టండి.

“ఇస్తనక్కా. గని పన్నెండో తారీకు నేను ఊర్ల ఉన్న. ఆ దినం రెండు పూటలు రాసినవ్. తీసెయ్” అన్నాడు రవి, చెంబు కింద పెట్టి.

“రెండు నెలలు ఎగ్గొట్టినోనివి, రెండు పూటల లెక్క అడుగుతున్నవా?”

“లెక్క లెక్కనే గదక్కా.”

సత్తెక్క మాట ఒక్కటి కూడా తగ్గలేదు, పెరిగింది కూడా. కానీ ఇప్పుడు సీను రవిది. బాకీ ఉన్నవాడు రెండు పూటల కోసం తగవు పడుతున్నాడు. వాడి చేతిలో ఎంత తక్కువ ఉందో, పరువు ఎక్కడ పట్టుకుని వేలాడుతున్నాడో, రేపు పరీక్ష హాల్లో ఎలా కూర్చుంటాడో అన్నీ అందులోనే ఉన్నాయి. వాడు కొంచెం చిల్లరగా కనిపించడానికి రచయిత ఒప్పుకున్నాడు, అంతే. చాలామంది ఒప్పుకోనిది సరిగ్గా అదే.

నవల మొత్తానికి ఈ పని చేయాలంటే ఒక పట్టీ కావాలి. సీన్ల నంబర్లు నిలువుగా రాసి, ఎదురుగా మూడు గళ్లు గీయండి. సీను మొదట్లో ఎవరికి ఏం కావాలి? చివర్లో పరిస్థితిని మార్చిందెవరు? ఆఖరి మాట ఎవరిది? మూడో గడి సరదాకి కాదు. ఆఖరి మాట ఎప్పుడూ సత్తెక్కదే అవుతుంటే, సీను ఎలా ముగించాలో తెలియక రచయిత ఆమెని చప్పట్ల కోసం వాడుకుంటున్నాడని అర్థం. రెండో గడిలో 40కి 25 చోట్లయినా హీరో పేరు ఉండాలన్నది మేము పెట్టుకున్న కొలత. పది లోపుంటే కొన్ని సీన్లు తిరగరాస్తే సరిపోదు, అతనికి ఏం కావాలో మళ్లీ మొదటి నుంచి నిర్ణయించుకోవాలి. ‘విజయం’, ‘ప్రేమ’, ‘గుర్తింపు’ లాంటివి గడిలో పట్టవు. ‘20వ తారీకు లోపల ఫీజు కట్టాలి’ పడుతుంది.

ఈ చిక్కు మనవాళ్లకి కొత్తది కాదు. పదో శతాబ్దంలో ధనంజయుడు నాటకం ఎలా కట్టాలో చెప్పే దశరూపకంలో ఉపకథని రెండుగా చెప్పాడు. ప్రధాన కథతో దూరం నడిచేది పతాక, కొద్దిలో ముగిసేది ప్రకరి. పతాకకి సుగ్రీవుడి కథ ఉదాహరణగా చెబుతారు. పతాకా నాయకుడు గుణాల్లో అసలు నాయకుడి కంటే కించిత్తు తక్కువవాడు. ‘కించిత్తు’ అన్నాడు, గమనించండి. బొత్తిగా తక్కువ అనలేదు. నాట్యశాస్త్రం ఇంకో కట్టడి పెట్టింది: అయిదు సంధుల్లో, అంటే కథ నడిచే అయిదు దశల్లో, పతాక మూడోదైన గర్భసంధి దగ్గరో నాలుగోదైన విమర్శ సంధి దగ్గరో ముగిసిపోవాలి, చివరిదైన నిర్వహణ దాకా సాగకూడదు. సుగ్రీవుడి సొంత కోరిక, అంటే రాజ్యమూ భార్యా, కిష్కింధలోనే తీరిపోయింది. ఆ తర్వాత అతను లంకకి వెళ్లింది రాముడి పని మీద. ఈనాటి లెక్కలో చెప్పాలంటే 200 పేజీల నవలకి, 150వ పేజీ లోపల సత్తెక్క గొడవ ఏదో ఒక రకంగా తేలిపోవాలి. ఆ తర్వాత ఆమె ఎంత బాగా మాట్లాడినా కథ రవి చేతిలోనే ఉంటుంది. చివరి 50 పేజీల్లో కూడా ఆమె మెస్ లైసెన్సు గొడవ నడుస్తూనే ఉంటే ముగింపు రెండుగా చీలుతుంది.

పక్క పాత్రని తగ్గించకుండా బాగుపడ్డ రచనకి మన దగ్గరే సాక్ష్యం ఉంది. కన్యాశుల్కం 1897లో అచ్చయింది, గురజాడ దాన్ని చాలావరకు తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. మొదటి ప్రతిలో చిన్నగా ఉన్న మధురవాణి రెండో దాంట్లో ఎంతో పెరిగింది. పెంచి ఊరికే మాటలివ్వలేదు, చిక్కుముడి విప్పే పనే ఆమెకి అప్పజెప్పారు. ఇంగ్లండులో డికెన్స్ 1836-37లో నెలనెలా భాగాలుగా రాసిన నవల పిక్‌విక్ పేపర్స్‌లో, బూట్లు తుడిచే శామ్ వెల్లర్ నాలుగో భాగంలో వచ్చాడు. మొదట్లో 400 కాపీలు అమ్మడమే కష్టమైన ఆ భాగాలు చివరికి 40 వేలకు చేరాయి. పాఠకులు శామ్ కోసం ఎగబడుతుంటే డికెన్స్ తన హీరో పిక్‌విక్‌ని పక్కన పెట్టలేదు, శామ్‌ని అతని దగ్గర నౌకరీలో పెట్టాడు. ఇక శామ్ ఏం మాట్లాడినా పిక్‌విక్ వినాలి, కోప్పడాలి, నవ్వాలి, ఏదో ఒకటి చేయాలి. వారపత్రిక సీరియల్ రాసేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే ఉపాయం మాకు తెలియదు.

నటుడి వల్ల పక్క పాత్ర పైకొచ్చిందని సినిమా వాళ్లు అంటుంటారు. 1977 నాటి దాన వీర శూర కర్ణలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఎన్టీఆరే. టైటిల్ కర్ణుడిది. జనం నోట్లో ఇవాళ్టికీ ఆడేది దుర్యోధనుడి డైలాగు. నటుడు ఒక్కడే అయినప్పుడు తేడా రాతలోనే ఉందని ఒప్పుకోక తప్పదు.

రాతప్రతుల్లో మాకు తరచూ కనిపించే తప్పుడు మందులు కొన్ని. పక్క పాత్రని 120వ పేజీలో చంపేయడం: పాఠకుడు ఆమెతోపాటే పుస్తకం మూసేస్తాడు. ఆమెకి నాలుగు పేజీల బాల్యం రాయడం: సగం చెప్పి వదిలేయడం వల్ల వచ్చిన మెరుపు ఆ నాలుగు పేజీల్లో ఆరిపోతుంది. హీరోకి ఒక వింత అలవాటు తగిలించడం: చెవి గోక్కున్నంత మాత్రాన మనిషి తయారవడు. అన్నిటికంటే ఎక్కువ కనిపించేది హీరో మీద కష్టాలు కుమ్మరించడం. తండ్రి పోతాడు, ఉద్యోగం పోతుంది, యాక్సిడెంట్ అవుతుంది. పాఠకుడు అయ్యో అంటాడు గాని దగ్గరికి రాడు, ఎందుకంటే ఇవన్నీ అతనికి జరిగినవి, అతను చేసినవి కావు.

ఇన్ని చేసినా కథ సత్తెక్కదే అనిపిస్తే? ఆఖరి సీను ఒక్కో పేరాలో రెండు రకాలుగా రాసి చూడండి, రవి నిర్ణయంతో ఒకటి, సత్తెక్క నిర్ణయంతో ఒకటి. రెండోదే బరువుగా ఉంటే హీరో కుర్చీ ఆమెకి ఇచ్చేయండి. అయితే మూడు సీన్లు కొత్తగా రాసి పరీక్షించాకే ఇవ్వాలి: ఆమె ఒంటరిగా ఉన్నది ఒకటి, ఆమెది పచ్చి తప్పయింది ఒకటి, చమత్కారం ఒక్కటీ లేనిది ఒకటి. మూడింట్లో నిలబడితే మొదటి మూడో వంతు తిరగరాయడానికి సిద్ధపడండి. కుర్చీలో కూర్చున్న ఇరవై పేజీలకే ఆమె కూడా కిటికీలోంచి చూస్తూ నిట్టూర్చడం మొదలుపెడితే మళ్లీ క్రియల కింద గీతలు గీయాల్సిందే.

రెండూ కుదరకపోతే ఇంకో దారి మన ఆడవాళ్లు ఎప్పుడో చూపించారు. రామాయణం పక్కన పెట్టేసిన ఊర్మిళ మీద మనసు పోయినప్పుడు వాళ్లు రామకథని సాగదీయలేదు. ఊర్మిళాదేవి నిద్ర అని వేరే పాట కట్టుకున్నారు. సత్తెక్కకీ వేరే కథ రాయొచ్చు. ఆదివారం అనుబంధం కథకి ఆమె సరిగ్గా సరిపోతుంది.

చివరిగా మీకో విన్నపం. నవలల పోటీ ప్రకటించినప్పుడు రాతప్రతితోపాటు ఒక పేజీ కథాసారం అడుగుతుంటారు. ఈసారి దాని బదులు పైన చెప్పిన మూడు గళ్ల పట్టీ అడిగి చూడండి. రాసేవాళ్లకి ఒక సాయంత్రం పని, పరిశీలకులకి అయిదు నిమిషాల చదువు.

– రాతప్రతులు చదివే మిత్రులు,
చిక్కడపల్లి, హైదరాబాద్