స్లావ్ భాషల తల్లి సంస్కృతం కాదు

సంపాదకుడు గారికి,

రష్యన్, పోలిష్, ఉక్రేనియన్ లాంటి స్లావ్ భాషలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయని చెప్పే వాట్సాప్ మెసేజ్‌లు మరీ ఎక్కువయ్యాయి. నాకొచ్చిన ఒకదాంట్లో సాక్ష్యం గొర్రె: సంస్కృతంలో అవి, అవికా, రష్యన్‌లో అఫ్‌త్సా. చదువుకున్న పిల్లలు కూడా నమ్మేస్తున్నారు కాబట్టి రాస్తున్నాను.

పోలిక నిజమే, అందులో గొడవ లేదు. రష్యన్లు ‘ఒ’తో రాసి అఫ్‌త్సా అని పలుకుతారు, పోలిష్ వాళ్లది ఒఫ్‌త్సా, సెర్బులది ఓవ్‌త్సా, బెలారుస్‌లో అవేచ్కా. మొదటి మూడింటి చివరి ‘త్స’ మనం చలి, చాప అనేటప్పుడు పలికే ‘చ’ లాంటిదే, తెలుగు నోటికి కొత్త కాదు. అన్నిటికంటే ముచ్చటైనది ఉక్రేనియన్. ఒక్క గొర్రె అయితే వివ్‌త్స్యా, ‘ఐదు గొర్రెలు’ అనాల్సి వస్తే మాత్రం ఒవెత్స్, అంటే పలుకు హల్లుతో మూసుకుపోయిన చోట (వివ్-త్స్యా) పాత ‘ఒ’ కాస్తా ‘ఇ’ అయిపోయింది, మూసుకోని చోట (ఒ-వెత్స్) అలాగే నిలిచింది.

కానీ పోలిక ఉన్నంత మాత్రాన తల్లీబిడ్డలు అయిపోవు. ‘ఏడు’, ‘గొర్రె’ పక్కపక్కన పెట్టి చూడండి. లాటిన్‌లో సెప్తెమ్, ఒవిస్. పోలిష్‌లో షెదెమ్, ఒఫ్‌త్సా. రెంటిలోనూ మొదటి మాటకు ‘ఎ’, రెండో మాటకు ‘ఒ’. సంస్కృతంలో సప్త, అవి, రెండిటికీ ‘అ’నే, ఎందుకంటే పాత ఎ, ఒ అక్కడ ‘అ’లో కలిసిపోయాయి. పోలిష్ సంస్కృతం నుంచే వచ్చి ఉంటే, ఒకసారి కలిసిపోయిన అచ్చుల్ని సరిగ్గా లాటిన్‌లో ఉన్న చోటే మళ్లీ ఎలా విడదీసుకోగలిగింది? ఇవన్నీ అక్కచెల్లెళ్లు, తల్లి వేరే ఉంది, ఆ తల్లి బహుశా ఇప్పుడు లేదు. కలకత్తాలో జడ్జిగా ఉన్న ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ 1786లో అక్కడే సంస్కృతం, గ్రీకు, లాటిన్ గురించి అన్నది ఇదే. ఇలా అంటే సంస్కృతం గొప్పతనం ఇసుమంత కూడా తగ్గదు.

మన గొర్రె అయితే ఆ కుటుంబంలోదే కాదు. దాని చుట్టం కన్నడ ‘కురి’. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని మద్రాసులో ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి 1816లోనే చూపించాడు, అదీ ఒక తెలుగు వ్యాకరణ పుస్తకానికి ముందుమాటలో! తెలుగువాళ్లమై ఉండి ఈ సంగతి మన పిల్లలకు చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

మెడిసిన్ చదవడానికి రష్యా వెళ్లే మన పిల్లలు అక్కడి రోగులతో ఆ భాషలోనే మాట్లాడాలి. వాళ్లకు కావాల్సింది ఫార్వర్డ్‌లు కాదు, ఆ భాష గురించి సరైన సమాచారం. ఉస్మానియాలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భాషాశాస్త్రం చెప్పే అధ్యాపకులు ఉన్నారు. నెలకోసారైనా వాళ్లతో ఒక శీర్షిక రాయించండి. పదో తరగతి తెలుగు వాచకంలో భాషా కుటుంబాల మీద నాలుగు పేజీల పాఠం పెట్టమని రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ మీ సంపాదకీయంలో అడగండి.

ఒక పాఠకుడు,
వరంగల్