అమెరికా ఇంటి మీద కనిపించని బాకీ

సంపాదకులకు,

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ నుంచి వెళ్లిన పిల్లలు అమెరికాలో ఇల్లు కొన్నప్పుడు, అమ్మానాన్నల పేరు కూడా దస్తావేజులో ఉండాలని ముచ్చటపడతారు. ఆ పేరున్న పెద్దాయన కాలం చేసినప్పుడు ఏమవుతుందో చాలామందికి తెలియదు. మన దేశంలో చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్ను, ఎస్టేట్ డ్యూటీని 1985 మార్చి 16 నుంచి ఎత్తేశారు. అందుకే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మ్యుటేషన్ ఉంటే పనైపోతుందని, అక్కడా ఇంతేనని అనుకుంటారు.

అక్కడ ఫెడరల్ (కేంద్ర) ఎస్టేట్ పన్ను కింద యజమాని కన్నుమూసిన రోజే ఆస్తి మీద ప్రభుత్వానికి లీన్, అంటే పన్ను బాకీ కింద ఆస్తిని పట్టి ఉంచే హక్కు, వచ్చేస్తుంది. నోటీసు రాదు. కౌంటీ రికార్డుల్లో ఎక్కించాల్సిన పని లేదు కాబట్టి మన ఈసీ లాంటిది తీసినా కనపడదు. పన్ను కట్టకపోతే పదేళ్లు అలాగే ఉంటుంది.

అక్కడే స్థిరపడ్డవారికి 2026లో మినహాయింపు కోటిన్నర డాలర్లు. హనుమకొండలో ఉంటున్న తండ్రికి మాత్రం 60 వేలే. ఆపైన పన్ను 26 శాతంతో మొదలై 40 దాకా పోతుంది. మనకూ అమెరికాకూ ఈ పన్ను మీద ఒప్పందం కూడా లేదు. వీసా మీద ఉద్యోగం చేసే బిడ్డలైతే, ఈ రెండింటిలో ఏ మినహాయింపు వర్తిస్తుందో తేల్చడానికి అక్కడే ఉండిపోయే ఉద్దేశం ఉందా లేదా అన్నదే చూస్తారు.

అందరూ పొరబడేది అప్పు దగ్గర. తండ్రి పేరున 4 లక్షల డాలర్ల ఇల్లు, దాని మీద 3 లక్షల అప్పు ఉందనుకుందాం. మిగిలింది లక్షే కదా అనుకోవద్దు. ఆయన సొంత పూచీ మీద తెచ్చిన అప్పయితే, రిటర్ను వేయాలా వద్దా అన్నది 4 లక్షల మీదే చూస్తారు. అప్పులో తగ్గించేది కూడా ఆయన మొత్తం ఆస్తిలో అమెరికా ఆస్తి ఎంత వంతో అంతే. అదీ ఇక్కడి పొలం, ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల విలువలన్నీ రిటర్నులో చూపితేనే.

ఈ పన్ను రిటర్ను, 706-ఎన్ఏ ఫారం, మరణించిన 9 నెలల్లో వేయాలి. 4768 ఫారంతో మరో 6 నెలలు అడగవచ్చు. కానీ అది రిటర్నుకే, పన్ను కట్టడానికి కాదు. ఇల్లు అమ్మాలంటే లీన్ విడుదలకు 4422 ఫారం, అమ్మకం తేదీకి కనీసం 45 రోజుల ముందు పెట్టాలి. మరణ ధ్రువపత్రం చూడగానే, ఇంటి హక్కు పత్రాలు సరిచూసే టైటిల్ కంపెనీ ముందు అడిగేది ఆ విడుదల పత్రమే. అది చేతికి రాకుండా దగ్గరి తేదీకి అగ్రిమెంటు రాసుకుంటే, కొనేవాడి లోను గడువు దాటి బేరం చెడుతుంది. వారసులు ఇక్కడివాళ్లయితే అమ్మకం ధరలో 15 శాతం పన్ను కింద విడిగా పట్టుకుంటారు.

కొన్ని రాష్ట్రాలది మళ్లీ వేరే లెక్క. న్యూజెర్సీ వారసత్వ పన్ను లీన్ 15 ఏళ్లుంటుంది. పెన్సిల్వేనియాలో పిల్లలకు 4.5 శాతం, తోబుట్టువులకు 12 శాతం.

ఇదంతా ఎందుకని ఇప్పుడు తండ్రి పేరు తీయించడానికి గిఫ్ట్ డీడ్ రాయించే ముందు దయచేసి ఆగండి. దానికీ పన్నుంది. పుచ్చుకునేవారు ఒక్కొక్కరికి ఏడాదికి 19 వేల డాలర్ల దాకానే మినహాయింపు.

- ఒక పన్ను సలహాదారు, హనుమకొండ