పాట వెనుక వయొలిన్లు రాసినవారి పేరు టైటిల్స్‌లో వేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. సినిమా సంగీతానికి పురస్కారాలు ప్రకటించిన మర్నాడు మీ పత్రికలో సంగీత దర్శకుడి ఫొటో ఉంటుంది, గాయనీ గాయకుల మాటలు ఉంటాయి, గేయ రచయితతో ముచ్చట ఉంటుంది. సంతోషమే. ఆ పాటలో వయొలిన్లు ఎక్కడ లేవాలో, వయొలిన్ జాతిలోనే పెద్దదైన చెల్లో ఎక్కడ ఆగాలో కాగితం మీద పెట్టిన మనిషి ఊసు మాత్రం ఉండదు. మీ విలేకరిని తప్పుపట్టడం లేదు. సినిమా టైటిల్స్‌లోనే లేని పేరును ఆయన మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు?

ఆ మనిషినే అరేంజర్ అంటారు. ఆ మాట వినగానే వాద్యకారులను పిలిపించి, కాల్‌షీట్లు చూసే మనిషి అనుకునేవారు చాలామంది. నిజానికి అది రాతపని. సంగీత దర్శకుడు హార్మోనియం మీద వినిపించిన బాణీ ఒకే ఒక స్వరధార. పల్లవికి ముందు వచ్చే వాద్యభాగం, చరణాల మధ్య వాద్యాలు తమలో తాము మాట్లాడుకునే చోటు, గాయని ఊపిరి తీసుకునే సందులో మెరిసే నాలుగు స్వరాలు, ఇవి తరచూ ఆ బాణీలో ఉండవు. ఎవరో ఒకరు రాయాలి. వయొలిన్లను రెండు జట్లుగా విడదీసి, కింద వయోలా, ఆ కింద చెల్లో, అడుగున డబుల్ బాస్ పెట్టి, ఎవరి భాగం వారికి విడిగా నొటేషన్ ఇవ్వాలి. గాయకుడి గొంతు పలికే స్థాయిలోనే వయొలిన్లన్నీ మోగితే సాహిత్యం మునిగిపోతుంది. అందుకని వాటిని పై స్థాయికి జరపాలి, లేదంటే ఆ పని చెల్లోలకు అప్పగించాలి. కమాను కిందికి లాగాలా, పైకి తోయాలా అన్న గుర్తు కూడా కాగితం మీద ఉండాలి. పదిమంది పది రకాలుగా లాగితే ఒకే స్వరమైనా గజిబిజిగా వినిపిస్తుంది. అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం, ఎక్కడ ఏమీ వాయించకూడదన్నది. మన పాటల్లో కొన్నిటిని ఇన్నేళ్లయినా విసుగు లేకుండా వింటున్నామంటే ఆ నిర్ణయం ఎవరో సరిగా తీసుకోబట్టే.

ఇదే పని చేసిన ఒక మనిషి జీవితం మరో దేశంలో ఎలా నడిచిందో చూడండి. పాల్ బక్‌మాస్టర్ 1946లో లండన్‌లో పుట్టాడు. చెల్లో కళాకారుడు. రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదువుకున్నాడు. 1969లో గాయకుడు డేవిడ్ బోవీకి, ఆ వెంటనే ఎల్టన్ జాన్ తొలి ఆల్బమ్‌లకు, తరువాత రోలింగ్ స్టోన్స్ బృందానికీ లియొనార్డ్ కోహెన్‌కూ తంత్రీవాద్యాలు సమకూర్చాడు. రికార్డు కవర్ల మీద ఆయన పేరు అచ్చయింది. 1995లో టెర్రీ గిలియమ్ తీసిన ‘ట్వెల్వ్ మంకీస్’కు సంగీత దర్శకుడయ్యాడు. ఆ చిత్రం పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చే స్వరం మాత్రం ఆయనది కాదు, అర్జెంటీనా స్వరకర్త ఆస్టర్ పియజోలాది. ఆ సంగతి కూడా దాపరికం లేకుండా అందరికీ తెలుసు. ఎవరిది ఎంతో చెప్పే అలవాటున్న చోట ఒకరి పేరు ఇంకొకరి పేరును మింగదు. 2002లో ఒక పాటకు చేసిన వాద్య కూర్పుకే బక్‌మాస్టర్‌కు అమెరికా సంగీత పురస్కారమైన గ్రామీ వచ్చింది. 1959లో జరిగిన మొట్టమొదటి గ్రామీల్లోనే అరేంజ్‌మెంట్‌కు బహుమతి ఉంది, అది స్వరకర్త హెన్రీ మాన్సినీకి దక్కింది. 2017లో బక్‌మాస్టర్ చనిపోయినప్పుడు పత్రికలు ఆయనను అరేంజర్‌గానే తలుచుకున్నాయి.

మన దగ్గరికి వద్దాం. కె.వి. మహదేవన్ అనగానే వెంటనే పుహళేంది అనే తరం తెలుగునాట ఇంకా ఉంది. దశాబ్దాల పాటు ఆయన మహదేవన్ పక్కనే ఉన్నారు. మలయాళంలో స్వయంగా సంగీత దర్శకత్వం వహించిన మనిషి. ‘శంకరాభరణం’కు మహదేవన్ జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆ కూర్పులో పుహళేంది చెయ్యి ఎంత అని అడిగితే సంగీతం తెలిసిన పెద్దలు గంటసేపు చెబుతారు, కాగితం మీద మాత్రం ఆయన సహాయకుడే. ఆ పేరు మనకు తెలియడం వారిద్దరి స్నేహం పుణ్యమే తప్ప ఏ నియమం పుణ్యమూ కాదు. అలాంటి జోడీ కుదరని వారి సంగతేమిటి?

బొంబాయిలో ఇంకో విచిత్రం జరిగింది. గోవా నుంచి వచ్చిన ఆంథోనీ గొన్సాల్వెజ్ వయొలిన్ విద్వాంసుడు, అరేంజర్, గురువు. ఆయన శిష్యుడే లక్ష్మీకాంత్-ప్యారేలాల్ ద్వయంలోని ప్యారేలాల్. 1977లో ‘అమర్ అక్బర్ ఆంథోనీ’కి సంగీతం చేస్తూ శిష్యుడు గురువు పేరును పాట పల్లవిలోకి తెచ్చారు. దేశమంతా ఆ పేరును పాడింది, సినిమాలో పాత్ర పేరే కదా అనుకుంటూ. టైటిల్స్‌లో చోటు దొరకని మనిషికి పల్లవిలో దొరికింది! శంకర్-జైకిషన్, ఓ.పి. నయ్యర్ పాటల వెనుక ఉన్న సెబాస్టియన్ డిసౌజాకు ఆ భాగ్యం కూడా లేదు.

ఇళయరాజా జి.కె. వెంకటేశ్ దగ్గర, కీరవాణి చక్రవర్తి దగ్గర సహాయకులుగా పనిచేసి పైకి వచ్చినవారే కదా, ప్రతిభ ఉంటే పేరు దానంతట అదే రాదా అని కొందరంటారు. పైకి వచ్చినవారి కథలే మన చెవిన పడతాయి కాబట్టి అలా అనిపిస్తుంది. పైగా మంచి అరేంజర్ అయిన ప్రతివాడూ సంగీత దర్శకుడు కావాలని ఎక్కడుంది? ఎడిటర్‌ను దర్శకుడివి ఎప్పుడవుతావని అడిగి, అయ్యాకే పేరు వేస్తామని అనం కదా.

చట్టం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1957 నాటి కాపీరైటు చట్టంలో సంగీత రచన అంటే అచ్చులోనో రాతలోనో ఉన్నదే. అంటే బాణీ కట్టినవారి చేతిలో కాదు, నొటేషన్ రాసినవారి కాగితంలో ఉందన్నమాట హక్కుకు ఆధారం. ఇది అన్యాయమని 1994 సవరణలో దిద్దారు. స్వరలిపిలో రాసినా రాయకపోయినా స్వరపరచినవారే స్వరకర్త అన్నారు. న్యాయమైన మార్పే, నాకు పేచీ లేదు. కానీ ఆ దిద్దుబాటులో రాసే మనిషికంటూ విడిగా ఒక గుర్తింపు ఇవ్వడం ఎవరికీ తోచలేదు. 2012 సవరణ స్వరకర్తలకూ గేయ రచయితలకూ రాయల్టీలో వదులుకోలేని వాటా ఇచ్చింది. అదే సవరణలో ఇంకో వాక్యం ఉంది. సినిమాలో యాదృచ్ఛికంగా పాల్గొని, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో సైతం ఎక్కడా పేరు పడని వ్యక్తిని, ఒక్క మినహాయింపు తప్ప, చట్టం హక్కులిచ్చే ‘ప్రదర్శకుడి’గానే లెక్కించరట. వయొలిన్ల వరుసలో కూర్చునే వాద్యకారులు ఈ వాక్యాన్ని జాగ్రత్తగా చదువుకోవాలి. పేరు వేయకపోవడం ఆనవాయితీ అయితే, ఆ ఆనవాయితీయే రేపు హక్కుకు అడ్డు రావచ్చు. పేరు వేయడం మర్యాద కోసం మాత్రమే అనుకునేవారు కూడా చదవాలి.

ఒక దశలో పరిస్థితి కాస్త బాగుపడింది. రెహమాన్ ఆల్బమ్‌లతో పాటు వచ్చిన క్యాసెట్లు, సీడీల లోపలి కాగితంలో వాద్యకారుల పేర్లు, తంత్రీవాద్యాలు నడిపించినవారి పేరు కనిపించేవి. వాటిని చదువుకుంటూ పాట విన్నవారు నాలాంటి వాళ్లు ఎందరో. క్యాసెట్ పోయింది, సీడీ పోయింది, ఆ కాగితమూ పోయింది. ఇప్పుడు ఫోనులో పాట వింటే గాయకుడు, స్వరకర్త, రచయిత, మహా అయితే నిర్మాత. ఎన్ని పేర్లు పెట్టినా చోటు చాలదన్న బాధ లేని తెర మీద ఈ పొదుపు ఎందుకో అర్థం కాదు. ఆడియో కంపెనీ వివరాలు పంపితే యాప్ చూపిస్తుంది, పంపకపోతే లేదు. విదేశాలకు వెళ్లి బుడాపెస్ట్‌లోనో ప్రాగ్‌లోనో పెద్ద వాద్యబృందంతో రికార్డు చేస్తే ఆ సంగతి ప్రచారంలో మొదటి వాక్యం అవుతుంది. ఆ బృందం ముందు పెట్టిన కాగితాలు ఎవరు రాశారన్నది చివరి వాక్యంలో కూడా ఉండదు.

అరేంజర్‌కు బాణీలో వాటా ఇవ్వమని నేను అడగడం లేదు. బాణీ స్వరకర్తదే. తన వాద్యభాగాలన్నీ తానే రాసుకునే ఇళయరాజా లాంటివారికి కూడా ప్రస్తుత పద్ధతిలో నష్టమే. ‘సంగీతం’ అన్న ఒక్క మాట కింద బాణీ మాత్రమే కట్టినవారు, ప్రతి వయొలిన్‌కూ ప్రతి స్వరం రాసినవారు ఒకేలా కనిపిస్తారు. వాద్య కూర్పు అని విడిగా వేసి ఆ పక్కన కూడా ఆయన పేరే వేస్తే, ఆయన మోసిన బరువు ఎంతో కొత్త తరానికి తెలుస్తుంది.

జాతీయ పురస్కారాల్లో 2009 చిత్రాల నుంచి పాటలనూ నేపథ్య సంగీతాన్నీ వేరు చేశారు. నేపథ్య సంగీతానికి ఆ ఏడాది మలయాళ చిత్రం ‘పళశిరాజా’కు ఇళయరాజానే ఎంపికయ్యారు. ఒక విభాగాన్ని రెండు చేయగలిగినవారు వాద్య కూర్పుకు మూడోది పెట్టలేరా? రాష్ట్ర ప్రభుత్వాల పురస్కారాలకైతే ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. దరఖాస్తులో అరేంజర్ పేరు తప్పనిసరి అంటే చాలు, నిర్మాతలు తామే వెతికి రాస్తారు.

ఇక మీ వంతు. సినిమా సమీక్ష పక్కన మీరు వేసే సాంకేతిక వర్గం పెట్టెలో కళా దర్శకుడు ఉంటారు, పోరాటాలు ఉంటాయి, నృత్యాలు ఉంటాయి. ఇంకో వరుస కలపండి. చిత్రబృందం ఆ పేరు ఇవ్వకపోతే ‘వాద్య కూర్పు: తెలియజేయలేదు’ అని అచ్చువేయండి. నాలుగు వారాలు వరుసగా అలా వస్తే ఐదో వారం వారే ఫోను చేస్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు